వదులుగ కుట్టిన ఊలు అంగి

హమ్రియా, మస్కట్
12 నవంబర్ 1993

రజితక్కా,

నువ్వు, నవీన, మీ అత్తమ్మ మంచిగున్నరని తలుస్తున్న. మిగిలిన ముచ్చట్లు తర్వాత. ఒక్క సంగతి చెప్పేదాక నా చెయ్యి ఊకుంటలేదు.

గంగాప్రసాద్ మా దుకాణానికి వచ్చిండు.

ఆ గంగాప్రసాదే. బావ పని చేసిన రోడ్డు కంపెనీల క్యాంపు ఇంచార్జి, మన జగిత్యాల దిక్కోడు. నన్ను అప్పట్ల ఒక్కసారి చూసిండు. ఇప్పుడు గడ్డం పెంచిన గద, గుర్తు పట్టలే.

వాళ్ళ అర్బాబు, అంటే కంపెనీ యజమాని, ప్రతి చలికాలం వేటకు పోతడట. ఈసారి రష్యా దిక్కు మంచు గుట్టలల్ల కొండమేకల వేట. వెంబడి పదకొండు మంది పోతున్నరు, క్యాంపు చూసుకునేటందుకు గంగాప్రసాద్ ఒకడు. బట్టల కింద ఒంటికి వేసుకునే ఊలు అంగీలు, లాగులు ఇంగ్లాండు నుంచి తెప్పిచ్చిర్రు. మెరినో అనే గొర్రె ఊలట. అన్నీ తెల్లోళ్ళ సైజులే. ఒక్కొక్కరి ఒంటికి సరిచేసే పని మా దుకాణం ఓనరు బాబు మియా ఒప్పుకున్నడు. చేసేది నేను.

ఆ ఊలు పట్టుకుంటె నాయిన యాదికొచ్చిండు. మన గొంగడి గరుకు. ఇది నవీన పుట్టినప్పుడు తలకాయ మీది వెంట్రుకల లెక్క ఉంది.

వాడు చేతులు లేపి నా ముంగట నిలబడ్డడు. ఛాతి, నడుము, చంక కొలిచిన. మెడకు టేపు చుట్టిన. నరం కొట్టుకునుడు నా వేళ్ళకు తెలుస్తుండె. "ఇంకెంతసేపయ్యా?" అన్నడు. "పదిహేనున్నర సార్" అన్న. అంతే. రూముకు పోయినంక చేతులు మూడుసార్లు కడుక్కున్న.

నీకు చెప్పాల్నా వద్దా అనుకున్న. చెప్పకుండ ఉండలేకపోయిన.

నీ తమ్ముడు
భూమేశ్


మెట్‌పల్లి
28 నవంబర్ 1993

భూమేశ్‌కు,

మెడకు టేపు చుట్టి పదిహేనున్నర అని చెప్పినవా? సార్ అని గూడ అన్నవా?

నువ్వు దూరముంటవు, నీకు తెల్వదు. మీ బావ శవం డబ్బ వచ్చిన దినం దానెంబడి ఆ గంగాప్రసాద్ రాసి పంపిన కాయితాన్ని బడి సారు పంచాయతీ కాడ అందరి ముంగట చదివిండు. తాగి పడి చనిపోయిండని. ఆయన బొంబాయి బస్సు ఎక్కేటప్పుడు ఏం జేసిండో ఈ వాడకంత తెలుసు. నవీన తల మీద చెయ్యి పెట్టి, ఇగ చుక్క ముట్టనని ఒట్టేసి పోయిండు. ఇప్పుడు పిల్లకు జెరమొచ్చినా, మెట్ల మీద జారిపడ్డా, ఒట్టు తప్పిన పాపం బిడ్డకు తాకిందంటరు. మా అత్తనే అంటది. బడిల పక్కపొంటి కూసునే పిల్ల "మీ నాయిన నిన్ను తిన్నడట గద" అన్నదట. ఏడేండ్ల పిల్ల నన్ను అడిగింది, "నాయినకు నేనంటె ఇష్టం లేకుండెనా?" అని.

నేను గొర్లు కాసే కుర్మోళ్ళ బిడ్డను. ఊలు సంగతి నాకు చెప్పకు. ఒంటికి ఆనకుంటె ఊలుకు పనిలేదని నాయిన మనిద్దరికి ఎన్నిసార్లు చెప్పలే? వానల గొర్లెంబడి పోయేటప్పుడు గొంగడిని ఎట్ల అదిమి కట్టుకునేటోడు?

వానిది వదులు చెయ్యి. నడుము కాడ పొట్టిగ చెయ్యి. వంగితె వీపు తెరుచుకోవాలె. వాడు చావాలని రాస్తలేను. వణకాలె. వాని పండ్లు కొట్టుకునేది నలుగురు వినాలె. చెయ్యనంటె చెయ్యనని రాయి, ఇగ నాకు తమ్ముడు లేడనుకుంట.

రజిత


హమ్రియా
15 డిసెంబర్ 1993

అక్కా,

నీ ఉత్తరం జేబుల పెట్టుకునే పని చేసిన. అయిపోయింది. ఎట్ల చేసిన్నో వరుసగ చెప్త.

ఈ మెరినో అంగి ఒంటికి రెండో తోలు లెక్క ఉండాలె. బిగుసుకోవద్దు, ఎక్కడా ఖాళీ ఉండొద్దు. గుట్ట ఎక్కితె చెమట పోస్తది. ఒంటికి ఆనుకున్న ఊలు ఆ చెమటను పీల్చి బయటికి నూకుతది. ఖాళీ ఉంటె చెమట ఒంటి మీదనే ఉండి సల్లబడ్తది, కదిలినప్పుడల్ల సందులకెంచి గాలి సొస్తది. చేతులు మణికట్టు దాటాలె. తుపాకి ఎత్తినా అంగి అంచు నడుము దాటి పైకి రావొద్దు. తుపాకి వెనక కొస ఆనే భుజం మీద కుట్టు ఉండొద్దు, ఒరుస్తది. లాగు పిక్కల కాడ మరీ బిగిస్తె నెత్తురు ఆడక పాదాలు సల్లబడ్తయి. మిగిలిన పది మందిని చేతులు లేపిచ్చిన, వంగబెట్టిన, గొంతుకూర్చోబెట్టిన. పట్టినట్టుంది అన్నోళ్ళకు, "ఆ పట్టుడే మంచిది, అక్కడ నన్ను తలుస్తరు" అని చెప్పిన.

గంగాప్రసాద్ ట్రయలుకు వచ్చిండు. దుకాణంల పంక కింద నిలబడి, "ఊపిరాడుతలేదు, ఇదేం అంగి? వదులు చెయ్యి" అన్నడు.

"ఎంత వదులు సార్?"

"రెండు వేళ్ళ సందు కాదు, చెయ్యి పట్టాలె. గాలాడాలె."

అక్కా, ఆ మాటకు జవాబు నా నోట్లనే ఉంది. మిగిలిన పది మందికి చెప్పిన మాటే. మింగిన. వాడు అడిగినంత వదులు చేసిన. అదొక్కటైతె వాని తప్పే అనుకుందుము. నడుము కాడ రెండించులు నేను కోసిన. అది వాడు అడగలే.

మళ్ళొచ్చి తొడుక్కొని అద్దంల చూసుకున్నడు. "ఇప్పుడు బాగుంది" అని నా భుజం తట్టిండు. ఇరవై ఆరు తారీకు విమానం.

నా మనసుల భయం లేదు. అదే నాకు భయమైతుంది.

భూమేశ్


మెట్‌పల్లి
3 జనవరి 1994

భూమేశ్,

నీ ఉత్తరం అందిన దినం చానా ఏండ్లకు కడుపునిండ తిన్న. మంచు గుట్టలు ఎట్లుంటయో నవీన బడి పుస్తకంల బొమ్మ చూసిన. ఆ బొమ్మల వాన్ని నిలబెట్టుకొని చూసుకున్న.

ఇది మొన్న రాసిన ముక్క. ఇయ్యాల వేరే రాయాల్సొచ్చింది.

నిన్న కోరుట్ల నుంచి ఎహసాన్ అనే ఆయన వచ్చిండు. మీ బావ సైటుల పికప్పు డ్రైవరట. సెలవు మీద వచ్చి, ఇల్లు అడుక్కుంట వచ్చిండు. గుమ్మంల నిలబడి లోపలికి రాలే. ఆ దినం సంగతి చెప్పిండు. జూన్ ఎండల మీ బావ నోరెండి, మాట ముద్దముద్దయి, కాళ్ళు తడబడ్డయట. గంగాప్రసాద్ చూసి, "తాగిండు, రేకుల షెడ్డుల పండుకోబెట్టుర్రి" అన్నడట. "బండి తాళం నా జేబులనే ఉండె చెల్లే. ఆస్పత్రి గంట తొవ్వ. అర్బాబు చుట్టాలొస్తరు, బండి కదలొద్దన్నడు. నేను కదిలియ్యలే" అని తల వంచుకున్నడు. మాపటికి పానం పోయిందట. మీ బావ చాయ తప్ప వేరే ముట్టుడు తను చూడలేదన్నడు.

నేను ఏడ్వలే. "ఇంత తెలిసీ ఆ కాయితం మీద ఎట్ల రాసిర్రు, అడిగేటోడే లేడా?" అన్న. ఆయన నా మొఖం చూసి, "మీ తమ్ముడు దస్తకతు పెట్టిండు గద, నీకు తెల్వదా?" అన్నడు.

వాడు నిన్ను ఒక్కసారి చూసిండని మొదటి ఉత్తరంల రాసినవు. ఎప్పుడు చూసిండు?

రజిత


హమ్రియా
21 జనవరి 1994

అక్కా,

అప్పుడే చూసిండు.

బావ శవం ఆస్పత్రి ఐసుపెట్టెల పదకొండు దినాలుంది. కంపెనీ కాయితం మీద చుట్టమెవరన్న దస్తకతు పెడితెనే పంపుతమన్నరు. నేను పోయిన. గంగాప్రసాద్ బల్ల మీద కాయితం పెట్టి, "తాగి పడ్డడని రాసినం. నువ్వు ఒప్పుకుంటె రేపే విమానం. ఒప్పుకోకుంటె కేసు, ఎన్ని నెలలో తెల్వదు" అన్నడు. బావ తాగడని నాకు తెలుసు. శుక్రవారం నా రూముకు వస్తె పక్కోళ్ళు గ్లాసు ముందు పెడితె లేచి బయటికి పోయేటోడు.

నువ్వు దినాం మీ పక్కింటోళ్ళ ఫోన్ల ఏడ్చుకుంట, "ఒక్కసారి మొఖం చూపియ్యి తమ్మీ" అంటుంటివి. నేను దస్తకతు పెట్టిన. ఆ కాయితం ఊర్ల చదువుతరని అనుకోలే. ఒట్టు సంగతి అప్పుడు నాకు తెల్వదు. తెలిసినా పెడుదునో లేదో చెప్పలేను.

వాని అంగి రెండించులు కోసినప్పుడు నీ కోసమే కోస్తున్న అనుకున్న. కాదు. వాడు నాతోని ఆ దస్తకతు పెట్టిచ్చుకున్నదానికి కోసిన.

భూమేశ్


మెట్‌పల్లి
6 ఫిబ్రవరి 1994

నా ఏడుపును అడ్డం పెట్టుకోకు. మొఖం చూపియ్యమన్న, మొఖానికి మసి పూసి పంపమనలే.

రెండున్నర ఏండ్లల్ల ఎన్ని ఉత్తరాలు రాసినవు? నవీనకు గౌను పంపినవు, రిబ్బన్లు పంపినవు. "ఆ మాట అబద్ధం అక్కా" అని ఒక్క ముక్క రాస్తె ఏం పోతుండె? ఆయన ఒట్టు తప్పిండేమో అని నేను గూడ అనుకున్న. రాత్రిళ్ళు ఆయన ఫోటోతోని కొట్లాడిన. ఆ పాపం ఎవరిది?

ఇన్ని దినాలు నా పగ ఒక్కని మీదనే ఉండె. ఇప్పుడు ఇద్దరి మీద. నాకు ఉత్తరాలు రాయకు.


హమ్రియా
1 మార్చి 1994

అక్కా,

రాయకుమన్నవు. చదివి చింపెయ్యి, కాని చదువు. ఇందుల ఇంకో కాయితం ఉంది. అది చింపకు.

గంగాప్రసాద్ మళ్ళొచ్చిండు. కర్ర పట్టుకొని వచ్చిండు. కుడి పాదానికి రెండు వేళ్ళు తీసేసిర్రు. అక్కడ రెండో దినం గుట్ట ఎక్కిర్రట. చెమటతోని అంగి తడిసిందట. మేకల కోసం ఒక బండ చాటుకు గాలిల మూడు గంటలు కదలకుండ కూసున్నరు. దుర్బీను ఎత్తినప్పుడల్ల వీపు తెరుచుకునేదట. ముందుగాల వణికిండు. తర్వాత వణుకు ఆగిపోయి, మాట ముద్దయి, లేచి నడవబోతె తూలి పడ్డడు. అర్బాబు తమ్ముడు చూసి, తాగిండన్నడట. గుడారంల పడేసి మాపటిదాక ఎవరూ చూడలేదు. తెల్లారి డాక్టరు వచ్చి చలి పట్టిందన్నడు. అప్పటికే పాదం నల్లబడ్డది.

ఇప్పుడు ఇక్కడ అల్ ఖువైర్ల లేబరు ఆఫీసుల వాని ఫైలు మీద తాగి పడ్డడని రాసిర్రు. వీసా కొట్టేసి, మళ్ళ ఈ దేశంల అడుగు పెట్టకుండ పంపుతరట.

"డాక్టరు అంగి చూసి, ఇంత వదులు ఎవరు కుట్టిండ్రన్నడు" అని నా దగ్గరికి వచ్చిండు. "మిగిలిన పది మందికి ఏం గాలే. కొలత తప్పు అని ఒక్క ముక్క రాసియ్యి తమ్మీ. తాగలేదని తెలుస్తది. నేను చుక్క ముట్టలే, నా పిల్లల మీద ఒట్టు."

చేతిల కత్తెర కింద పెట్టిన. "మా బావ గంగన్న యాదికున్నడా సార్?" అన్న.

వాడు నా గడ్డం దిక్కు చూసిండు. "నువ్వా" అన్నడు. తర్వాత, "తెలిసే చేసినవా?" అన్నడు.

"తెలిసే చేసిన."

"నా వేళ్ళు పోయినయిరా!"

"మా అక్కకు మనిషి పోయిండు. ఆ మనిషి పేరు గూడ పోయింది."

బాబు మియా లోపలికెంచి వచ్చి నిలబడ్డడు. వాడు ఆయన దిక్కు చూసి కోపమంత దించుకున్నడు. "ఆ కాయితం మీద నీ దస్తకతు గూడ ఉంది గద" అన్నడు.

"ఉంది. అందుకే ఇద్దరం రాద్దాం. ముందు నువ్వు. అది మా అక్క చేతికి అంది, ఆమె జవాబు వచ్చినంక నేను."

కట్టింగు బల్ల మీద వంగి రాసిండు. వాని చేతిరాతనే పంపుతున్న. ఆఫీసుల జవాబు చెప్పుకునేటందుకు ఏప్రిల్ దాక గడువు ఉందట.

భూమేశ్


మెట్‌పల్లి
17 మార్చి 1994

భూమేశ్,

కాయితం అందింది. "గంగన్న ఆ దినం తాగలేదు. ఎండదెబ్బకు పడిపోయిండు. బండి ఉండి గూడ నేను ఆస్పత్రికి పంపలేదు. తాగిండని నేనే రాయించిన." కింద పేరు, తారీకు, బాబు మియా సాక్షి.

నేను చదువలే. అప్పుడు చదివిన బడి సారుకే ఇచ్చి, అదే పంచాయతీ కాడ, అంతే మందిని పిలిపిచ్చి చదివిచ్చిన. సారు మెల్లగ చదువబోయిండు. నీళ్ళు తాగి గట్టిగ చదువుమన్న. ఆఖరి ముక్క మళ్ళొకసారి చదువుమన్న. మా అత్త లేచి వచ్చి నవీన తల మీద చెయ్యి పెట్టింది, తీయలే. నవీన ఆమెను నెట్టేసి నా దగ్గరికి వచ్చింది. నేను ఆపలే. ఆ ముసలామె ఇంకొన్ని దినాలు ఆ చెయ్యి గాలిలనే పెట్టుకోనీ.

ఇప్పుడు నేను చెప్పేది విను. వానికి నువ్వు రాసియ్యకు.

మాటిచ్చిన అంటవు. ఇచ్చినవు గద, ఇప్పుడు మాట తప్పు. నా పేరు చెప్పు. తాగుబోతు అనే మాట ఎట్లుంటదో వాడు మోసి చూడాలె. వాని పెండ్లాం నీళ్ళకు పోయినప్పుడు మాటలు ఆగిపోవాలె. వాని పిల్లలు బడికెంచి ఏడ్చుకుంట రావాలె. వేరే ఏం అడుగుతలే, నాకు పెట్టిందే వానికి పెడుతున్న. నువ్వు చెయ్యాల్సిన పని గూడ లేదు. ఊకుంటె చాలు. ఊకుండుడు నీకు మంచిగనే వస్తది గద.

రజిత


హమ్రియా
5 ఏప్రిల్ 1994

అక్కా,

ఊకుండలే. రాసిచ్చిన.

నీ ఉత్తరం నాలుగు దినాలు దిండు కింద పెట్టుకున్న. వాని పిల్లలు ఏడ్వాలని రాసినవు. వాళ్ళ జాగల నాకు నవీన కనిపిస్తుంది, నేనేం జెయ్యాలె? ఇంకొకటి గూడ ఉంది. తాగినోడు కాదని తెలిసి, తాగిండన్న కాయితాన్ని ఒకసారి ఒప్పుకున్న. రెండోసారి ఒప్పుకుంటె ఇగ నా దస్తకతుకు నేనే భయపడాలె.

అయితె వాడు అడిగినట్టు ఒక్క ముక్క రాయలే. మొత్తం రాసిన. అందరికి చెప్పిన మాట వానికి చెప్పలేదని, నడుము రెండించులు నేనే కోసిన్నని, ఎందుకు కోసిన్నో, గంగన్న ఎట్ల చచ్చిపోయిండో, ఆ కాయితం మీద నేను అబద్ధం దస్తకతు పెట్టిన్నని గూడ. బాబు మియా దాన్ని అరబ్బీల రాయిచ్చి తెచ్చిండు.

గంగాప్రసాద్ చదివి వణికిండు. ఇక్కడ చలి లేదు. "ఇది ఇస్తె గంగన్న సంగతి బయటపడ్తది" అన్నడు.

"ఇయ్యకుంటె తాగుబోతు అని పోతవు. ఇస్తె మనిషిని చంపినోడని పోతవు. రెండిట్ల ఏది నీదో నువ్వే తీసుకో" అన్న.

వాడు కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. కర్ర పట్టుకొని, టాక్సీ ఎక్కి ఆఫీసుకే పోయిండు. తాగిండన్న మాట ఫైలుల కొట్టేసిర్రట. గంగన్న ఫైలు తీసిర్రట. ఎహసాన్ సెలవు నుంచి వచ్చిండు, ఆయనను పిలిచి అడిగిండ్రు. మొన్న గంగాప్రసాద్‌ను ఉద్యోగంల నుంచి తీసేసిర్రు. పోలీసోళ్ళు పాసుపోర్టు పట్టుకున్నరు. ఇంటికి ఎప్పుడు పోతడో తెల్వదు.

నా గురించి గూడ చెప్పాలె. బాబు మియా నన్ను తిట్టలే. "మీ బావ కోసం నువ్వు ఏం చేసినా నాకు అర్థమైతది. కాని నా దుకాణంల కొలతకు వచ్చి నిలబడ్డోనికి కొలత చెప్పలేదు. ఇగ ఇక్కడ టేపు పట్టొద్దు భూమేశ్" అన్నడు. ఆయన అన్నది నిజమే. నా వీసా రద్దయింది. గంగాప్రసాద్ తన వేళ్ళు పోయినందుకు నా మీద కేసు అడుగుతడేమో అని ఎదురు చూసిన. అడగలే.

ఇరవై ఎనిమిదో తారీకు బొంబాయి దిగుత. మన నాయిన ఇల్లు తాళమేసి ఉంది, తాళంచెవి నీ దగ్గర ఉంది. మీ ఇంటికి రావొద్దంటె తాళంచెవి పక్కింట్ల ఇచ్చి ఉంచు.

భూమేశ్


మెట్‌పల్లి
19 ఏప్రిల్ 1994

భూమేశ్,

ఈ ఉత్తరం నువ్వు బయలెల్లే లోపు అందుతదో లేదో.

నా మాట కాదన్నవు. నీ ఉత్తరం చదివి పొయ్యిల పెట్టబోయిన. ఆఖరి పేజి మళ్ళ తీసి చదివిన. చంపినోడు అనే మాట వానికి నువ్వు పెట్టినవు. అది నేను పెట్టమన్నదానికంటె పెద్దది. అయినా నేను అడిగింది అది కాదు. వాని పెండ్లాం నా లెక్క తల దించుకొని నడవాలని అడిగిన, అది నా చేతికెంచి గుంజుకున్నవు. ఆమె నాకు ఏం జేసిందని అడిగితె చెప్పలేను. అడగకు.

నిన్న నవీన, "మామ వస్తున్నడా?" అన్నది. వస్తున్నడన్న. "మామ మంచోడా?" అన్నది. నువ్వొచ్చి నువ్వే చెప్పుకో. నాయిన మీద పడ్డ మాటకు దస్తకతు పెట్టింది ఎవరో గూడ నువ్వే చెప్పు, నా నోటితోని చెప్పియ్యకు. ఆమె ఏమంటదో అనుభవించు.

తాళంచెవి పక్కింట్ల ఇయ్యలే, ఇయ్యను. ఒక్కనివే ఆ ఇంట్ల తలుపేసుకొని ఉత్తరాలు రాసుకుంట కూసుంటవు, తెలుసు నాకు. నా ఇంట్లనే ఉండాలె. నేను పెట్టిందే తినాలె. తిట్టినప్పుడు ఎదురుంగ కూసొని వినాలె.

నీ మీద కోపం ఇంకా తీరలే. తీరేదాక నా కండ్ల ముంగటి నుంచి ఎటూ పోకు.

మీ అక్క
రజిత